అన్‌ఇన్‌స్టాల్ కొట్టే ముందు

పరీక్షలైపోగానే విశాఖ మద్దిలపాలెం హాస్టళ్లలో ల్యాప్‌టాప్‌లు జూనియర్ల చేతికి వెళ్తాయి, కొన్ని ద్వారకానగర్ సెకండ్‌హ్యాండ్ షాపులకు చేరతాయి. ఇచ్చే ముందు చాలామంది చేసేది ఒకటే: ప్రోగ్రాములన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసేయడం. దాంతో పోయేది ప్రోగ్రాము మాత్రమే. మీ సెట్టింగులు, లాగిన్లు చాలావరకు అక్కడే ఉండిపోతాయి. మళ్లీ వేసుకుంటే పాత అమరికలు దొరకాలని కావాలనే అలా వదిలేస్తారు.

విండోస్‌లో రన్ బాక్సు తెరిచి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని కొట్టండి. రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల పేర్లు కూడా అందులో కనిపిస్తాయి. పక్కనే ఉన్న లోకల్ ఫోల్డర్‌నూ చూడండి.

నన్నడిగితే ముందు చూడాల్సింది సర్వర్‌కు ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లా ఫోల్డర్. ప్రాజెక్టు కోసం కాలేజీ సర్వర్ వివరాలు అందులో పెట్టుకున్నవాళ్లు ఎందరో. మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, సైట్‌మేనేజర్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చాలు, సర్వర్ అడ్రసు, యూజర్ పేరు అన్నీ ఉంటాయి. పాస్‌వర్డ్ మాత్రం అర్థం కాని అక్షరాల్లా కనిపిస్తుంది. అది తాళం కాదు, బేస్64 రాత. ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. ఫోల్డర్ తీసేసి ఊరుకోకుండా సర్వర్‌లో పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

అలాగని కనిపించిందల్లా డిలీట్ చేయకండి. మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్‌లో మీ మెయిళ్లు ఉండేది రోమింగ్‌లోని దాని ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే. పాప్ పద్ధతిలో దించుకున్నవైతే సర్వర్‌లో కాపీ ఉండకపోవచ్చు. ముందు ప్రోగ్రాము మూసి, ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఆ కాపీ తెరుచుకుంటోందని వేరే సిస్టమ్‌లో చూశాకే ఇక్కడ తీసేయండి. సిస్టమ్ మీ దగ్గరే ఉంటే అంత తొందర ఎందుకు? ఫోల్డర్ పేరు మార్చి కొన్నాళ్లు చూడండి.

ఉబుంటు లినక్స్‌లో ఆప్ట్ రిమూవ్ అనే కమాండ్ ఇస్తే ఈటీసీ ఫోల్డర్‌లోని కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైళ్లు మిగులుతాయి, ఆప్ట్ పర్జ్ ఇస్తే అవీ పోతాయి. హోమ్ ఫోల్డర్ జోలికి మాత్రం రెండూ రావు. అక్కడ చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్‌ను మీరే చూసుకోవాలి. మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ ప్రోగ్రాములు పర్జ్ చేసేటప్పుడు డేటాబేసులు కూడా తీసేయాలా అని అడగొచ్చు. అలవాటుగా ఎస్ కొట్టేస్తే ప్రాజెక్టు డేటా మొత్తం పోతుంది.

సిస్టమ్ చేతులు మారేటప్పుడు ఈ ఏరుడు కంటే, కావాల్సినవి కాపీ చేసుకుని, ఖాతాలన్నింటి నుంచి సైన్‌అవుట్ అయి, అన్నీ తుడిచేసే ఆప్షన్‌తో రీసెట్ చేయడమే మేలు. ఋషికొండ కంపెనీవాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ అయితే సొంతంగా ఏదీ తుడవకండి, ఐటీవాళ్లనే అడగండి.