భైరవకోన శిల్పాలు చూడాలంటే పొద్దున్నే పోవాలి

నెల్లూరు, ప్రకాశం వైపు మంచి శిల్పం చాలావరకు కొండల్లోనే ఉంది. అక్కడ మ్యూజియంలో మాదిరి బొమ్మ మీద దీపం వేసి ఉంచరు, ఎండే వెలుగు. అందుకే ఏ వేళకు చేరతామన్నది ముందు తేల్చుకోవాలి.

భైరవకోన పాత ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం మండలంలో, అంబవరం కొత్తపల్లి దగ్గర ఉంది. నల్లమల కొండను తొలిచిన ఎనిమిది శివాలయాల్లో ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. పొద్దుటి వెలుగు వాలుగా పడుతున్నప్పుడు చెక్కిన గీత స్పష్టంగా తేలుతుంది. ఎండ నడినెత్తికి వచ్చాక వెళితే గుహ లోపలంతా చీకటి, బయటంతా మిరుమిట్లు. ఫొటోలూ రావు, కంటికీ ఆనదు. కాబట్టి ముందురోజు రాత్రికే ఉదయగిరిలోనో పామూరులోనో దిగి, తెల్లవారుజామున బయలుదేరండి.

చేరగానే లోపలికి దూరొద్దు. పది అడుగుల దూరంలో నిలబడి గుహ ముఖమంతా ఒకసారి చూడండి. ద్వారపాలకులు ఎలా నిలబడ్డారు, గద మీద చేయి ఎలా ఆనింది, ఒకరికీ ఇంకొకరికీ తేడా ఏమిటి? వాళ్లకు అటూ ఇటూ వినాయకుడు, శివభక్తుడు చండేశ్వరుడు ఎక్కడున్నారో వెతకండి. తర్వాత స్తంభాల మొదళ్లు చూడండి. కూర్చున్న సింహం మీద స్తంభం నిలబడితే అది పల్లవుల పద్ధతి. అన్ని గుహల్లోనూ సింహాలు ఉండవు. ఏ గుహలో ఉన్నాయో, ఏ గుహలో స్తంభం సాదాగా ఉందో రాసుకుంటూ పోతే పని ఎలా మారుతూ వచ్చిందో మీకే తెలుస్తుంది. గర్భగుడి చివర. లోపల రెండు నిమిషాలు ఊరికే నిలబడండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి.

చిన్న టార్చి తప్పనిసరి. దాన్ని బొమ్మకు ఎదురుగా వేస్తే నీడలు చచ్చిపోయి ముఖం చదునైపోతుంది. చేయి చాచి, గోడ వెంబడి పక్కనుంచి వేయండి, అరిగిపోయిన నగలు కూడా లేస్తాయి. ఫోను ఫ్లాష్ వాడకూడదనేదీ అందుకే. అక్షరాలు కనబడాలని శాసనాల మీద చాక్‌పీసు రుద్దేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు, రాయి అరిగితే మళ్లీ రాదు. ఇవి పూజలందుకునే గుళ్లు కూడా. చెప్పులు విడవండి, లోపల ఫొటో తీయాలంటే పూజారిని అడగండి.

కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల అమ్మవారి మీద పడుతుందని జనం పోటెత్తుతారు. దర్శనానికి సరే, శిల్పం చూడటానికి ఆరోజు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు కోనలోని జలపాతం నిండుగా ఉంటుంది గానీ పాచి పట్టిన బండలు జారతాయి. తిండి సంచులు కోతుల కంట పడనీయొద్దు.

ఉదయగిరిలో దిగితే సాయంత్రం దిలావర్‌భాయ్ వీధి వైపు పోండి. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన కొయ్య గరిటెలు, చెంచాలు ఇక్కడివి. కొనేటప్పుడు గిన్నె భాగాన్ని వేలితో తడమండి, గరుకు తగలకూడదు. ఇంటికెళ్లాక నీళ్లలో నానబెడితే చీలతాయి; కడిగి, తుడిచి, నూనె రాయండి. ఉదయగిరి కోటను మాత్రం ఈ ప్రయాణంలో ఇరికించొద్దు, దానికి ఒక పూట విడిగా కావాలి. 1514లో కోటను గెలిచిన కృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నెల్లూరు నుంచి రైలెక్కితే అదీ చూసి రావచ్చు.

బౌద్ధ శిల్పం మీద ఆసక్తి ఉంటే ప్రకాశం వైపే ఉన్న చందవరం పోండి. గుంటూరు–గుంతకల్లు లైనులో దొనకొండ స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. స్తూపం ఉన్న గుట్టనూ సింగరకొండే అంటారు. ఫోను మ్యాపులో ఆ పేరు కొడితే అద్దంకి దగ్గరి ఆంజనేయస్వామి గుడికి దారి చూపిస్తుంది, అందుకని 'చందవరం బౌద్ధ స్తూపం' అని వెతకండి. 1970లలో తవ్వకాలు జరిగిన చోటిది. ఇక్కడినుంచి దొంగలు ఎత్తుకెళ్లిన ఒక చెక్కిన రాతి పలక ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా పోయి, 2016లో తిరిగొచ్చింది. అందుకే బొమ్మలున్న గదికి తాళం ఉంటే విసుక్కోకండి. ఊళ్లో కాపలాదారు ఎవరో అడిగి, ఆయన్ని వెంటబెట్టుకునే గుట్ట ఎక్కండి.