కార్బురేటర్ కడిగాక పెట్రోల్ ఆగకుండా కారుతుంటే

పాత బైక్ కార్బురేటర్లు విప్పి, కడిగి, బిగించాక పెట్రోల్ ట్యాప్ తిప్పగానే కింది పైపులోంచి ధార కట్టిందంటే చాలామంది మళ్లీ జెట్లే (పెట్రోల్ కొలతగా పోయే సన్న రంధ్రాల ముక్కలు) విప్పుతారు. ఆ శ్రమ వృథా. కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, అంటే బౌల్‌లోకి ఎంత పెట్రోల్ రావాలో చూసుకునేవి ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బుడ్డి), నీడిల్ (సూది), సీటు (ఆ సూది మూసే రంధ్రం). నీళ్ల ట్యాంకులో బంతి తేలి కుళాయి మూసినట్టు, ఫ్లోట్ పైకి లేచి నీడిల్‌ను సీటులోకి నొక్కాలి. కడగక ముందు బాగానే ఉండి ఇప్పుడు కారుతోందంటే, ఈ మూడింటి చుట్టుపక్కలే ఏదో తేడా వచ్చినట్టు. పెట్రోల్ ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే ఆ తేడా చాలావరకు దొరుకుతుంది. అందుకే కార్బురేటర్లు దించే ముందు వాటిని పొడిగుడ్డతో తుడిచి కాసేపు గమనించండి. చుట్టుపక్కల మంట, నిప్పురవ్వ లేకుండా చూసుకోండి.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ చూడండి

ట్యాప్ కట్టేసి ఇంజన్ ఆయిల్ మట్టం చూడండి. మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తుంటే సెల్ఫ్ గానీ కిక్ గానీ కొట్టొద్దు. సిలిండర్‌లో పెట్రోల్ నిండి ఉంటే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. పెట్రోల్ కలిసి పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంచి, స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పి పెట్రోల్ బయటికి పోనివ్వండి. ఆయిల్ మార్చాకే ముందుకు వెళ్లండి.

ట్యాప్ తెరిచిన వెంటనే ధార

నీడిల్ మూసుకోవడం లేదు. మొదటి అనుమానం చెత్త మీదే. కార్బురేటర్ ఎంత మెరిసేలా కడిగినా, ట్యాంకులో తుప్పు ఉంటే తొలి చుక్కతోనే అది వచ్చి సీటులో కూర్చుంటుంది. డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కొంచెం పెట్రోల్‌ను గిన్నెలోకి పోనిచ్చి, స్క్రూడ్రైవర్ పిడితో బౌల్‌ను మెల్లగా తట్టండి. కారడం ఆగితే కారణం తెలిసినట్టే. ట్యాంకు శుభ్రం చేసి ఫిల్టర్ పెట్టకపోతే మళ్లీ వస్తుంది.

ఆగకపోతే దించక తప్పదు. నీడిల్ కొనను వెలుతురులో తిప్పి చూడండి. చుట్టూ గాడి పడి ఉంటే మార్చాల్సిందే. సీటును మెటల్ పాలిష్ అద్దిన దూదిపుల్లతో తిప్పి రుద్దండి. ఎమరీ కాగితం మాత్రం వద్దు, గీత పడిందంటే సీటు పోయినట్టే.

ఎక్కువమంది వదిలేసేది సీటు బయటి ఓ-రింగ్. సీటు ఊడివచ్చే రకమైతే, కార్బురేటర్ క్లీనర్‌లో నానిన ఆ రబ్బరు ఉబ్బిపోవచ్చు, పాతదైతే గట్టిపడి ఉండవచ్చు. అప్పుడు నీడిల్ చక్కగా మూసుకున్నా పెట్రోల్ సీటు పక్క నుంచి దూరి వచ్చేస్తుంది. కొత్త రిపేర్ కిట్ (నీడిల్, రబ్బర్లు కలిపి అమ్మే సెట్) వేశాకే కారడం మొదలైతే నాకు కిట్ నీడిల్ మీదే అనుమానం. పాత నీడిల్ పక్కన పెట్టి పొడవు పోల్చండి. గాడి పడకపోతే పాతదే తిరిగి వేయండి.

వీటన్నిటికీ కలిపి ఒక పరీక్ష ఉంది. కార్బురేటర్‌ను తలకిందులు చేస్తే ఫ్లోట్ బరువుతోనే నీడిల్ మూసుకుంటుంది. పెట్రోల్ వచ్చే దారికి శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో మెల్లగా ఊదండి. గాలి దూరకూడదు. దూరితే బిగించకండి.

కాసేపాగి కారడం

ఇది సాధారణంగా ఫ్లోట్ ఎత్తు తేడా. కడిగేటప్పుడు నీడిల్‌ను తాకే చిన్న రేకు చేయి తగిలి కాస్త వంగినా మట్టం మారిపోతుంది. గ్యాస్కెట్ తీసి, కార్బురేటర్‌ను వాల్చి పట్టుకుని, రేకు నీడిల్ తలలోని స్ప్రింగ్ పిన్నును తాకీతాకనట్టు ఉన్నప్పుడు ఫ్లోట్ ఎత్తు కొలవాలి. స్ప్రింగ్ నొక్కుకుపోతే కొలత తప్పుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడండి. పక్కవాడి బైక్ లెక్క పనికిరాదు.

కొలత సరిగ్గానే ఉంటే ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోల్ కదిలితే చిల్లు పడ్డట్టు. ఇత్తడి ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచితే బుడగలు చిల్లును చూపిస్తాయి. కొత్త గ్యాస్కెట్ లోపలి అంచు ఫ్లోట్‌కు రాసుకుంటోందేమో కూడా చూడండి. ఫ్లోట్ పిన్ను తీసేటప్పుడు దాన్ని పట్టి ఉంచే చిన్న స్తంభాలకు ఆసరా ఇవ్వకుండా కొడితే విరిగిపోతాయి, తర్వాత ఫ్లోట్ ఏ ఎత్తులోనూ నిలవదు.

ఒక్క కార్బురేటరే కారుతుంటే

నీడిల్ మార్చినా ఫలితం లేదంటే బౌల్‌లో నిలబడి ఉండే ఇత్తడి ఓవర్‌ఫ్లో గొట్టం (ఎక్కువైన పెట్రోల్‌ను కింది పైపులోకి వదిలేది) చీలి ఉండొచ్చు. బౌల్ విప్పి, గొట్టం పైకొన కంటే కాస్త తక్కువగా పెట్రోల్ పోయండి. కింద చుక్క పడితే చీలిక ఖాయం. టంకం వేయించండి, లేదా బౌల్ మార్చండి.

రెండు కార్బురేటర్ల మధ్య నుంచి తడి వస్తుంటే, వాటిని కలిపే పెట్రోల్ గొట్టం ఓ-రింగులు మార్చండి. అక్కడి లీకు కిందికి జారి బౌల్ లీకులా కనిపిస్తుంది.

బండి ఆపాక, రాత్రికి రాత్రి కారితే

ట్యాప్‌ను కూడా అనుమానించండి. ఇంజన్ పీల్చే వాక్యూమ్‌తో తెరుచుకునే రకమైతే, ఇంజన్ ఆపి, ట్యాప్ ఆన్‌లో ఉంచి దాని వాక్యూమ్ గొట్టం ఊడదీయండి. గొట్టంలోంచి చుక్క పెట్రోల్ వచ్చినా లోపలి డయాఫ్రం (పల్చటి రబ్బరు పొర) చిరిగినట్టే. ప్రైమ్ (వాక్యూమ్ లేకున్నా పెట్రోల్ వదిలే) స్థానంలో అసలు కట్టుకోదు, కాబట్టి మీట ఎటు ఉందో కూడా చూడండి. ట్యాప్ బాగుచేసి అక్కడితో ఆగితే నీడిల్ లీకు మిగిలే ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు ప్లగ్‌లు నల్లగా మసిబారుతుంటే ఫ్లోట్ మట్టం ఇంకా ఎక్కువే ఉందని అనుమానించండి.