పందొమ్మిదో శతాబ్దపు రచయితల ఎన్‌గ్రేవింగ్‌లు: గుర్తించడం, భద్రపరచడం

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాలలోనో, కోఠి దుకాణాలలోనో డికెన్స్ వంటి రచయిత జీవితాన్ని చూపే విడి చిత్రం దొరికితే, ధర అడిగేముందు అది ఆనాటి అచ్చా, ఈనాటి నకలా అన్నది తేల్చుకోవాలి. అందుకు పదిరెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం చాలు. బొమ్మలో బూడిదరంగుగా తోచే చోట, ఉదాహరణకు కోటు మడతల నీడలో, అద్దం పెట్టి చూడండి. అచ్చుగుద్దినట్టు ఒకే వరుసలో చుక్కలు కనిపిస్తే అది ఎన్‌గ్రేవింగ్ (లోహపు రేకు మీదో చెక్కదిమ్మ మీదో చెక్కి అచ్చువేసిన బొమ్మ) కాదు, నీడలను చుక్కలుగా విడగొట్టి వేసే హాఫ్‌టోన్ ముద్రణ. అసలైన దానిలో నీడ చిక్కబడేకొద్దీ గీతలు లావెక్కుతూ దగ్గరవుతాయి. అయితే గీతల బొమ్మకు గీతల నకలే తీయవచ్చు కనుక, కాగితాన్నీ దాని వెనుక వైపునూ కూడా పరీక్షించాలి.

లోహపు రేకు మీద చెక్కిన బొమ్మలో సిరా గాడిలో నిలుస్తుంది. తడి కాగితాన్ని గట్టిగా అదిమినప్పుడు ఆ సిరా పైకి వస్తుంది కాబట్టి గీతలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి, అంచులు కత్తిరించకపోతే చుట్టూ రేకు నొక్కిన గుర్తూ కనిపిస్తుంది. చెక్కదిమ్మలో ఇది తారుమారు: గాడి తెల్లగా మిగులుతుంది, పైభాగమే అచ్చవుతుంది. అందువల్లే పత్రికలు దానిని అక్షరాలతో కలిపి ముద్రించేవి, వెనుక తరచూ ఆనాటి వ్యాసాలూ ఉంటాయి. ఆ దిమ్మలకు వాడే బాక్స్‌వుడ్ అనే చెట్టు మాను సన్నం కనుక పెద్ద బొమ్మకు చిన్న దిమ్మలను బోల్టులతో బిగించేవారు. వాటి అతుకు బొమ్మ మీదుగా సన్నని తెల్లగీతగా పడుతుంది. దానిని లోపంగా చూడకండి, చెక్కదిమ్మ ముద్రణకు అది మంచి ఆనవాలు.

చిత్రకారుడు బొమ్మలోని చోటును స్వయంగా చూశాడా అన్నదీ నాకు ముఖ్యమే. 1870 జూన్ 9న డికెన్స్ మరణించాక, గాడ్స్‌హిల్ ఇంట్లో ఆయన రాతబల్లనూ ఖాళీ కుర్చీనీ ల్యూక్ ఫైల్డ్స్ అక్కడే చిత్రించాడు. ఆ ఏడాది క్రిస్మస్‌కు గ్రాఫిక్ పత్రిక దానిని చెక్కదిమ్మ ముద్రణగా వెలువరించింది. మనిషి లేకుండానే ఒక జీవితాన్ని చూపిన ఆ బొమ్మకు సాటివచ్చేవి అరుదు. బొమ్మ కింది శీర్షికనూ పత్రిక పేరునూ అస్సలు కత్తిరించకండి. అవి పోతే కాలాన్ని నిర్ధారించడం చాలా కష్టమవుతుంది.

కొన్నాక ఎవరెంత చెప్పినా లామినేషన్ చేయించవద్దు. ఆ వేడీ జిగురూ కాగితంలోకి దిగిపోతాయి, మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. సెలోటేపు కూడా కొంతకాలానికి పసుపు మరక మిగులుస్తుంది. ఆమ్లం లేని మౌంట్‌బోర్డు (బొమ్మను నిలిపే దళసరి అట్ట) మీద, పై అంచున మాత్రమే రెండు జపనీస్ కాగితపు ముక్కలతో, గోధుమ స్టార్చి గంజితో నిలపమని ఫ్రేమ్ కట్టేవారికి వివరంగా చెప్పండి. అద్దం బొమ్మను తాకకుండా మధ్యలో మౌంటు (కిటికీలా కోసిన అట్ట) ఇచ్చే ఎడం ఉండాలి. మన ఊరి వేసవి ఎండ పడే గోడకూ, వానాకాలంలో చెమ్మ పట్టే బయటి గోడకూ తగిలించకుండా లోపలి గోడను ఎంచుకుని, ఏటా వానలు తగ్గాక ఫ్రేమ్ వెనుక పురుగు చేరిందేమో చూసుకోండి.