రోగి మందులు వాడుతున్నదీ లేనిదీ లెక్కగట్టడం ఎలా

"మందులు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగితే బీపీ, షుగరు ఉన్నవారిలో చాలామంది అడిగినవారిని నొప్పించడం ఇష్టంలేక వేసుకుంటున్నామనే చెబుతారు. దీర్ఘకాలిక జబ్బులకు సంపన్న దేశాల్లో సైతం సగటున సగం మందే మందులు సరిగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో పేర్కొంది. కాబట్టి "పనుల్లో పడి మరిచిపోవడం అందరికీ ఉండేదే, పోయిన వారం ఎన్ని పూటలు తప్పాయి?" అని అడగాలి.

తర్వాత మాత్రలు లెక్కపెట్టాలి. ఇంట్లో ఉన్న మందులన్నీ, మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్పు ముక్కలతో సహా, తెప్పించి చూడాలి. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు రోజుకు రెండు వాడవలసిన ఒకరి దగ్గర పాతవి 8 ఉండగా కొత్తగా 60 ఇచ్చారనుకుందాం. 28 రోజులకు 56 వేసుకోవాలి, 12 మిగలాలి. 26 మిగిలాయంటే వేసుకున్నవి 42, అంటే 75 శాతం. పాత 8 మాత్రలను మరిచిపోతే అదే లెక్క 61 శాతానికి పడిపోయి, రోగి మీద లేని తప్పు పడుతుంది. సాధారణంగా 80 శాతం దాటితే సరిగా వాడుతున్నట్లు భావిస్తారు. హెచ్‌ఐవీ మందులకు 95 శాతం ఉండాలంటారు. నూరు దాటితే మాత్రం సంతోషించకూడదు: తప్పిన పూటకు రెండేసి వేసుకుని ఉండవచ్చు, ఇంట్లో మరొకరికి ఇచ్చి ఉండవచ్చు.

ఖాళీ స్ట్రిప్పు మాత్ర మింగినట్లు రుజువు కాదు. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారి మూత్రం నారింజ రంగులోకి మారుతుంది గనుక అక్కడ కొంత ఆధారం దొరుకుతుంది. షుగరుకు డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు ఉదయం చేసే పరీక్షను నమ్ముకోలేము, ఎందుకంటే వెళ్లే ముందు రెండు మూడు రోజులు చాలామంది బుద్ధిగా వేసుకుంటారు. రెండు మూడు నెలల షుగరు సగటును చూపే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష మేలు.

తప్పిన పూటలకు కారణం కూడా రాయాలి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు తిండి లేని పూట షుగరు మాత్ర మానేస్తే అది నిర్లక్ష్యం కాదు, కొన్ని మాత్రల విషయంలో వివేకమే. దానిని డాక్టరుకు తెలపాలి. ఈ వివరాలేవీ తెలియక, బీపీ తగ్గలేదని మోతాదు పెంచుకుంటూ పోతే, ఆ రోగి ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరి నర్సు మాత్రలన్నీ వేళకు వేసినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.