నెట్ కంపెనీ పెరుగుతోంది, మనుషులు చాలట్లేదా? కొత్తవాళ్లని తీసుకునే ముందు ఈ లెక్క చూడండి

కేబుల్ టీవీ పక్కన మూడు నాలుగొందల నెట్ కనెక్షన్లతో మొదలై, చూస్తుండగానే నాలుగైదు మండలాలకి ఫైబర్ లాగేసిన కంపెనీలు మన దగ్గర ఊరికొకటి ఉన్నాయి. అలాంటి ఒకదాంట్లో, గుంటూరు వైపు, ఫీల్డ్ కుర్రాళ్లనీ కాల్ సెంటర్‌నీ చూసే పని నాది. కనెక్షన్లు పెరిగేకొద్దీ రోజూ వినే మాట ఒకటే: "సార్, మనుషులు చాలట్లేదు." మొదట్లో నేనూ అదే నమ్మి, ఓనర్‌ని బతిమాలి నలుగురిని తీసుకున్నా. రెండు నెలలు తిరక్కుండా మళ్లీ అదే మాట, పైగా ఇప్పుడు బండ్లు కూడా చాలట్లేదట.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని ఇంటర్వ్యూలు కాదు. రెండు రోజులు మీ టెక్నీషియన్ బండి వెనక కూర్చుని తిరగండి. చేతిలో చిన్న నోట్‌బుక్ ఉంచుకోండి, టైమ్ రాసుకోండి, సలహాలు మాత్రం ఇవ్వకండి.

నేను కూర్చున్న రోజు ఇలా నడిచింది. తొమ్మిదిన్నరకి ఆఫీసు. స్టోర్ అబ్బాయి రాలేదు, ఓఎన్‌యూ బాక్సులు (కస్టమర్ ఇంట్లో ఫైబర్‌కి తగిలించే డబ్బాలు) చేతికొచ్చేసరికి పదింపావు. మొదటి ఇంటికి తాళం. ఫోన్ చేస్తే "మేం పొద్దున్నే చెప్పాం కదా బాబూ, సాయంత్రం రమ్మని" అన్నారు, ఆ మాట టికెట్‌లో, అంటే మనం కంప్లైంట్ రాసుకున్న ఎంట్రీలో, ఎక్కడా లేదు. రెండో కంప్లైంట్ ఊరికి అటు చివర. అక్కడ పాడైంది ప్యాచ్ కార్డ్ (బాక్సుకి తగిలించే చిన్న ఫైబర్ తీగ), సంచిలో అది లేదు, మళ్లీ ఆఫీసుకి. మధ్యాహ్నం రెండింటికి ఆ కుర్రాడు పూర్తి చేసినవి రెండు. వాడు ఒక్క నిమిషం కూడా ఖాళీగా కూర్చోలేదు, ఎండలో మాడిపోయాడు. అయినా సాయంత్రం రిపోర్టులో మాత్రం వాడు బద్ధకస్తుడు.

ఇప్పుడు లెక్క. కాలిక్యులేటర్ తీయండి, ఇది ప్రతి నెలా వేయాల్సిందే.

రోజుకి 60 కంప్లైంట్లు వస్తున్నాయనుకోండి. ఒక్కోదానికి పని 45 నిమిషాలు, దారి 25 నిమిషాలు, కలిపి 70. మొత్తం 4,200 నిమిషాలు. డ్యూటీ ఎన్ని గంటలని రాసుకున్నా, భోజనం, టీ, స్టోర్, పెట్రోల్ బంకు పోను ఒక మనిషి నిజంగా చేసేది ఆరున్నర గంటలు, అంటే 390 నిమిషాలు. భాగిస్తే 11 మంది. అక్కడితో అయిపోలేదు. వీక్లీ ఆఫ్‌లు, సెలవులు, జ్వరాలు పోను ఒక మనిషి నెలకి 24 రోజులు వస్తాడు. కాబట్టి రోజూ 11 మంది రోడ్డు మీద ఉండాలంటే జీతాల పట్టీలో 14 మంది ఉండాలి. చాలామంది ఓనర్లు 11 దగ్గరే ఆగిపోయి, తర్వాత ఎవరైనా సెలవడిగితే కోప్పడతారు.

అదే లెక్కని ఇంకోవైపు నుంచి చూడండి. ఆ 60లో 12 కంప్లైంట్లు పోయిన నెలలో ఒకసారి "క్లోజ్" చేసినవే అయ్యుండి, వాటిని నాలుగుకి తగ్గించగలిగితే మొత్తం 52కి దిగుతుంది. దారి 25 నుంచి 15 నిమిషాలకి వస్తే ఒక్కోదానికి సరిగ్గా గంట. 52 గంటల పనికి ఎనిమిది మంది చాలు, పట్టీలో పది. ఒక్కరిని కూడా కొత్తగా తీసుకోకుండా నలుగురు మిగిలారు. వాళ్లని పంపేయమని కాదు నేను చెప్పేది. కొత్త కనెక్షన్ల పని ఆగిపోయి ఏడుస్తోంది చూడండి, అక్కడ వేయండి.

కాబట్టి అసలు పట్టు రెండు చోట్ల: రిపీట్ కంప్లైంట్లు, తిరుగుడు.

రిపీట్లు

రిపీట్లు ఎందుకొస్తాయో తెలుసా? చాలా చోట్ల మనమే డబ్బులిచ్చి తెప్పించుకుంటున్నాం. టికెట్‌కి ఇంత అని ఇన్సెంటివ్ పెట్టామనుకోండి, కుర్రాడు డ్రాప్ వైర్ (స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే తీగ) తెగినచోట ఏదో కప్లర్ పెట్టి నల్ల టేప్ చుట్టి, ఎర్ర లైట్ పోయి పచ్చ లైట్ రాగానే ఫొటో తీసి వెళ్లిపోతాడు. ఫైబర్‌లో వెలుగు ఎంత బలంగా వస్తోందో కొలిచే పవర్ మీటర్ పెట్టి చూస్తే మైనస్ 26 డీబీఎం ఉంటుంది (మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమని అర్థం). ఓఎన్‌యూ మామూలుగా మైనస్ 27, 28 దాకా లాక్కొస్తుంది కాబట్టి ఆ పూటకి నెట్ వచ్చేస్తుంది. సాయంత్రం నాలుగు చినుకులు పడతాయి, తడి దిగుతుంది, మళ్లీ ఎర్ర లైట్. మనం అదే ఇంటికి రెండోసారి ఇన్సెంటివ్ కడతాం.

మేం చేసిన మార్పు చిన్నది. టికెట్ క్లోజ్ చేయాలంటే మీటర్ రీడింగ్ కనపడే ఫొటో తప్పనిసరి, మైనస్ 24 కంటే కిందుంటే క్లోజ్ అవ్వదు. ఇన్సెంటివ్ టికెట్ మీద తీసేసి, 30 రోజుల్లో ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోన్ రాకపోతేనే ఇచ్చాం. మొదటి నెల గొడవ గొడవ. "అన్నా, ఉడత కొరికితే నా తప్పా?" అని ఒకడు నిలదీశాడు. న్యాయమే కదా. ఉడత, కోతి, జేసీబీ, వినాయకుడి ఊరేగింపులో కర్రతో లేపిన కేబుల్, ఇవన్నీ లెక్కలోంచి తీసేశాం. ఫొటో ఉంటే చాలు, వాదన లేదు. ఇలాంటి రూల్ పెట్టేటప్పుడు ముందు కుర్రాళ్లతో ఒక గంట కూర్చోండి, మినహాయింపులు వాళ్లే చెప్తారు, మనకి ఆఫీసులో కూర్చుంటే తట్టవు.

ఇంకో మాట. మీటర్లు నలుగురికి ఒకటి ఇచ్చి రీడింగ్ ఫొటో అడిగితే, ఒకే ఫొటో నాలుగు టికెట్లకి వస్తుంది. మనిషికొకటి కొనండి.

తిరుగుడు

ఇక్కడ మంత్రం ఏమీ లేదు. ఏరియాలు పంచండి. ఊరి మ్యాప్ చూసి గీతలు గీయకుండా, ఏ ఓఎల్‌టీ (మన ఆఫీసు వైపు నుంచి ఇళ్లకి ఫైబర్ సిగ్నల్ పంపే మెషిన్) పోర్టు కింద ఏ వీధులున్నాయో దాన్ని బట్టి పంచితే మంచిది, ఎందుకంటే ఒక స్ప్లిట్టర్ (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే ముక్క) దగ్గర తేడా వస్తే దాని కింద ఇళ్లన్నీ ఒకే మనిషికి వస్తాయి, వాడికే అనుమానం వస్తుంది ఇది ఇంట్లో సమస్య కాదు, పైన ఎక్కడో ఉందని. అందరూ అన్ని చోట్లకీ తిరిగినప్పుడు తిలా పాపం తలా పిడికెడు, ఏ జాయింట్ బాక్స్ మూత ఊడిపోయి వేలాడుతోందో ఎవరికీ పట్టదు. పొద్దున స్టోర్ దగ్గర క్యూ కూడా మాన్పించండి. రాత్రే సంచి నింపి పెట్టాలి: రెండు ఓఎన్‌యూలు, నాలుగు ప్యాచ్ కార్డులు, రెండు అడాప్టర్లు, కనెక్టర్లు, ఫైబర్ కోసే క్లీవర్. ఈ ఒక్క సంచితో మాకు రోజూ పొద్దున అరగంట పైన కలిసొచ్చింది.

స్ప్లైసింగ్ ఒక్కడికే వస్తే

స్ప్లైసింగ్ అంటే తెగిన ఫైబర్ పోగుల్ని మెషిన్‌తో అతికించడం. మా సీనియర్ స్ప్లైసర్ చెల్లెలి పెళ్లికి వెళ్లిన రోజే రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ 24 కోర్ (24 పోగుల) కేబుల్‌ని తెంపింది. మెషిన్ ఉంది, కేబుల్ ఉంది, చేసేవాడు లేడు. రెండోవాడికి "వచ్చు" అన్నారు గానీ, రంగుల వరస దగ్గర తడబడి రెండు కోర్లు తారుమారు చేశాడు. పెళ్లి భోజనం కూడా సరిగ్గా తినకుండా పాపం ఆయనే వచ్చి సరిచేశాడు. తప్పు ఆ రెండోవాడిది కాదు, నాది. ఎవరికి ఏం వచ్చో నేనెప్పుడూ కాగితం మీద పెట్టలేదు.

ఒక పెద్ద అట్ట తీసుకోండి. నిలువుగా పేర్లు, అడ్డంగా పనులు: స్ప్లైసింగ్, ఓటీడీఆర్ (ఫైబర్ ఎంత దూరంలో తెగిందో చూపే మెషిన్) చదవడం, స్తంభం మీద పని, రౌటర్ సెట్టింగ్, కస్టమర్‌తో మాట్లాడటం. చేయగలడు, పక్కనుంటే చేస్తాడు, రాదు, ఈ మూడే గుర్తులు. ఏ నిలువు వరసలోనైనా "చేయగలడు" అన్న గుర్తు మూడు కంటే తక్కువుంటే అదే మీ తర్వాతి ట్రైనింగ్. స్ప్లైసింగ్ నేర్పేటప్పుడు మెషిన్ ఆఖర్న ఇవ్వండి, ముందు పన్నెండు రంగులూ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, ఆక్వా. తర్వాత తుక్కు కేబుల్ మీద చేయించి, జాయింట్‌కి 0.05 డీబీ లోపల లాస్ (జాయింట్ దగ్గర వెలుగు తగ్గడం) వరసగా ఇరవైసార్లు వస్తే లైవ్ కేబుల్ మీదకి పంపండి.

నేర్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారంటారా? 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేలమందికి పైగా వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) మీద బయటికొచ్చారు. మీ ఊళ్లోనూ అలాంటి పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు. మేం ఒకాయన్ని వారానికి రెండు పూటలు పిలిచాం. ఫైబర్ కంటే ఎక్కువగా ఆయన నేర్పింది ఒకటే: పని చేసిన ప్రతి జాయింట్‌కీ డైరీలో బొమ్మ గీసుకోవడం.

కాల్ సెంటర్

ఇక్కడ మన అంచనా దారుణంగా తప్పుతుంది. సాయంత్రం అరగంటలో 30 కాల్స్ వస్తున్నాయి, ఒక్కోటి 4 నిమిషాలు. అంటే అరగంటలో 120 నిమిషాల మాట, నలుగురికి సరిపోయింది కదా అనిపిస్తుంది. సరిపోదు. కాల్స్ వరసలో నిలబడి రావు, గుంపుగా వచ్చి పడతాయి. ఈ లెక్కని కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏర్లాంగ్ అనే ఆయన 1917లోనే తేల్చేశాడు. ఆయన సూత్రం ప్రకారం నలుగురే ఉంటే క్యూ పెరుగుతూనే పోతుంది. ఐదుగురుంటే కస్టమర్ సగటున రెండు నిమిషాల పైన ఆగాలి. ఆరుగురుంటే అర నిమిషం. ఒక్క మనిషితో అంత తేడా! నెట్‌లో ఏర్లాంగ్ కాలిక్యులేటర్లు ఉచితంగానే దొరుకుతాయి, వాడండి.

ఆ ఆరో మనిషిని రోజంతా కూర్చోబెట్టక్కర్లేదు. పది రోజుల కాల్ లాగ్ తీసి అరగంట అరగంటకీ ముక్కలు చేస్తే మీకే కనిపిస్తుంది. మా దగ్గర పొద్దున తొమ్మిదింటికీ, సాయంత్రం ఏడు నుంచి పది దాకా రద్దీ. మేమేమో అందరినీ పది నుంచి ఆరు దాకా కూర్చోబెట్టాం! సాయంత్రం పూట నాలుగు గంటలపాటు ఉండే పార్ట్‌టైమ్ షిఫ్ట్ పెట్టాం, దగ్గర్లో ఉండేవాళ్లనే తీసుకున్నాం, రాత్రి ఇంటికి దింపడానికి ఆటో కూడా మాట్లాడాం. ఆటో ఖర్చు చూసి ఓనర్ మొహం చిట్లించారు గానీ, అది లేకపోతే ఆ షిఫ్ట్‌కి ఎవరూ ఉండరు.

పెద్ద కేబుల్ తెగినప్పుడు వచ్చే కాల్స్‌కి మాత్రం మనుషుల్ని పెంచుకుంటూ పోవద్దు. ఫలానా ఏరియాలో లైన్ తెగింది, ఫలానా టైమ్‌కి వస్తుంది అని ఫోన్ ఎత్తగానే వినిపించే మెసేజ్ పెట్టండి. ఆ టైమ్‌కి గంట కలిపి చెప్పండి.

సెలవులు, పండగలు, తుఫాన్లు

షిఫ్ట్ పట్టీ కనీసం రెండు వారాల ముందు గోడ మీద ఉండాలి. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో పెట్టేది పట్టీ కాదు, టెన్షన్. రాత్రి ఫాల్ట్‌కి వెళ్లినవాడికి మర్నాడు పొద్దున రెస్ట్ ఇవ్వండి. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి అన్నది చట్టంలో ఉన్నదే, మనం చేసే దానం కాదు. పదిమంది ఉంటే ఈఎస్ఐ, జీతం 21,000 దాకా ఉన్నవాళ్లకి. ఇరవైమంది అయితే పీఎఫ్. "కాంట్రాక్ట్ కుర్రాళ్లు కదా" అని దాటేసిన కంపెనీలో కుర్రాడు స్తంభం మీద నుంచి పడితే ఏమవుతుందో నేను చూశాను, దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను. తడి స్తంభం, ఒంటరి మనిషి, రెండూ కలిసిన చోట పని రేపటికి వాయిదా. ఈ రూల్‌కి మాత్రం మినహాయింపుల్లేవు, కస్టమర్ ఎమ్మెల్యే అయినా సరే.

కొన్ని రోజులు లెక్కలకి అందవు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, అక్కడ పని చేయాల్సినవాళ్ల ఇళ్లు కూడా ఆ నీళ్లలోనే ఉంటాయి కదా. ఏరియావారీగా మనుషుల్ని పంచినప్పుడు ఈ చిక్కు ఒకటుంది. అందుకే ప్రతి ఏరియాకీ వేరే ఏరియా నుంచి ఒక జత పేర్లు ముందే రాసి పెట్టుకోవాలి. అలాగే 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, స్తంభాల మీది కేబుళ్లు కోసేయడంతో ఎన్నో వీధుల్లో నెట్ ఆగింది. అలాంటి రోజు కొత్త కనెక్షన్ల టీమ్ మొత్తం రిపేర్లకి మారాలి. ఎవరు ఎవరి వెంట వెళ్లాలో ఆ రోజు ఆలోచించుకుంటే అప్పటికే ఆలస్యం.

సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారని తెలుసు. కొనండి, కానీ పైవన్నీ కాగితం మీద రెండు నెలలు నడిచాక. అప్పుడు అమ్మేవాడిని మూడే అడగండి: సిగ్నల్ లేని చోట యాప్ పనిచేస్తుందా, తెలుగులో ఉందా, 30 రోజుల రిపీట్ రిపోర్ట్ ఒక్క నొక్కుతో వస్తుందా. మూడోదానికి "కస్టమైజ్ చేసిస్తాం సార్" అంటే టీ తాగించి పంపేయండి.

సంక్రాంతి పట్టీ డిసెంబర్ ఇరవైకల్లా పెట్టేయండి. ఊళ్లకి వచ్చినవాళ్లంతా నెట్ వాడేది ఆ నాలుగు రోజులే, మనవాళ్లంతా ఊళ్లకి పోయేదీ ఆ నాలుగు రోజులే. మా దగ్గర పోయినేడు భోగికి డ్యూటీ చేసినవాళ్ల పేర్లు ఎర్ర పెన్నుతో రాసి ఉంటాయి, వాళ్లని ఈ ఏడు అడగం. మిగిలినవాళ్లు వాళ్లలో వాళ్లే తేల్చుకుని వచ్చి చెప్తారు. పోయినసారి ఒకడు భోగి, కనుమ రెండూ తానే చేస్తానని, బదులుగా ఉగాదికి మూడు రోజులు అడిగాడు. ఇచ్చేశాను.