గోల్ఫ్‌లో ఐరన్ షాట్లు కుదరడం లేదా? స్వింగ్ మార్చే ముందు సెట్టును చూడండి

బంతి అనుకున్నచోట పడకపోతే అందరూ ముందు స్వింగ్‌నే తిడతారు. చాలాసార్లు తేడా చేతిలో ఉన్న క్లబ్‌లోనే, అంటే బంతిని కొట్టే కర్రలోనే, ఉంటుంది. కింద రాసింది కుడిచేతి ఆటగాళ్లకు. ఎడమచేతివాళ్లు దిక్కులు తిప్పి చదువుకోండి.

5, 6, 7 ఐరన్లు మూడూ ఒకే దూరం పోతున్నాయి

ఐరన్ అంటే పల్చని లోహపు తల ఉండే క్లబ్. దాని నంబరు ఒకటి తగ్గితే షాఫ్ట్, అంటే తలకు పైనున్న కాడ, దాదాపు అర అంగుళం పెరుగుతుంది, లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వాలు, మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. మగవాళ్ల స్టీల్ షాఫ్ట్ సెట్లలో 7 ఐరన్ సుమారు 37 అంగుళాలు, 5 ఐరన్ 38. లెక్క ప్రకారం 5 ఐరన్ బాగా ముందుకు పోవాలి. కానీ స్వింగ్‌లో వేగం చాలకపోతే అంత తక్కువ లాఫ్ట్‌తో బంతి పైకి లేవదు, కాసేపటికే నేలకు దిగిపోతుంది. ఇంకా గట్టిగా బాదితే దూరం రాదు, నడుం నొప్పి వస్తుంది.

3, 4 ఐరన్లు తీసేసి హైబ్రిడ్లు, అంటే తల కాస్త లావుగా, గుండ్రంగా ఉండే క్లబ్బులు, పెట్టుకోండి. అవసరమైతే 5 కూడా తీసేయండి, మొహమాటం వద్దు. హైబ్రిడ్ తలలో బరువు కిందికి, వెనక్కి ఉంటుంది కాబట్టి అదే లాఫ్ట్‌తో బంతి ఇంకా ఎత్తుకు లేస్తుంది. ఐరన్లన్నీ ఒకే పొడవుండే సెట్లు కూడా దొరుకుతాయి. 2020లో బ్రైసన్ డిషాంబో యూఎస్ ఓపెన్ గెలిచింది అలాంటి వాటితోనే. అయితే వాటిలో 5 ఐరన్ మామూలుకన్నా పొట్టిగా ఉంటుంది కాబట్టి, వేగం తక్కువున్నవాళ్లకు ఈ సమస్య తీరదు.

పక్కవాడి 7 ఐరన్ నాకంటే చాలా దూరం పోతోంది

కంపెనీ వెబ్‌సైట్‌లో రెండు సెట్ల లాఫ్ట్ చూడండి. పాత బ్లేడ్ (తల వెనక గుంట లేని పల్చని ఐరన్) సెట్‌లో 7 ఐరన్ 35 డిగ్రీల దగ్గర ఉంటే, ఇప్పటి 'డిస్టెన్స్' సెట్లలో అదే నంబరు 28 దగ్గర ఉండొచ్చు. పేరుకే 7, పని 5 ఐరన్‌ది. ఆ పోటీ వదిలేయండి.

100 గజాల లోపల ఏ క్లబ్ తీయాలో తెలియడం లేదు

ఇదీ ఆ లాఫ్ట్ తగ్గింపు ఫలితమే. దగ్గరి షాట్లకు వాడే ఎక్కువ లాఫ్ట్ ఐరన్లను వెడ్జ్‌లంటారు. పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీలు, సాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 12 డిగ్రీల ఖాళీ. 50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ కొనండి. రూల్స్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు కాబట్టి, వాడని 3 ఐరన్ ఇంట్లో పెట్టండి.

బాగా తగిలినా బంతి ఒకే పక్కకు పోతోంది

లై యాంగిల్‌ని, అంటే షాఫ్ట్‌కీ నేలకీ మధ్య కోణాన్ని, అనుమానించండి. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో లావుగా ఒక నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ముఖం వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ముఖం మీద సిరా అచ్చు పడుతుంది. గీత నిటారుగా పడితే లై సరిగ్గా ఉన్నట్టే. పైకొస హీల్ (తలలో షాఫ్ట్ వైపు చివర) వైపు ఒరిగితే టో (అవతలి చివర) నేలను తాకుతోంది, అలాంటప్పుడు బంతి కుడికి పోతుంది. పైకొస టో వైపు ఒరిగితే క్లబ్ మరీ నిటారుగా ఉంది, బంతి ఎడమకు పోతుంది. ఒక్క షాట్ చూసి తేల్చకండి, నాలుగైదు కొట్టండి. ఫోర్జ్డ్, అంటే కొట్టి చేసిన, ఐరన్లను క్లబ్బులు సరిచేసే ఫిట్టర్ ఒకటి రెండు డిగ్రీలు సులువుగా వంచుతాడు. పోత పోసినవి విరగవచ్చు, ముందే అడగండి.

పిల్లలు, ఆడవాళ్లు ఇంట్లో ఉన్న సెట్‌తో ఆడలేకపోతున్నారు

ఆడవాళ్ల ఐరన్లు మగవాళ్లవాటికంటే సుమారు అంగుళం పొట్టిగా, తేలికగా ఉంటాయి. నాన్న స్టీల్ షాఫ్ట్ కోసి పిల్లాడికి ఇవ్వడం మనకు అలవాటే. కోస్తే షాఫ్ట్ ఇంకా బిరుసవుతుంది, తల బరువు మాత్రం తగ్గదు. పాత జూనియర్ సెట్ కొనడం మేలు.

సరిగ్గా తగలనప్పుడు చేతులు జివ్వుమంటున్నాయి

చేతిలో ఉన్నది బ్లేడ్ అయ్యుంటుంది. దాని బరువంతా మధ్యలోనే ఉంటుంది. తల వెనక గుంట ఉండే కేవిటీ బ్యాక్‌లో బరువు అంచుల్లో ఉంటుంది కాబట్టి బంతి పక్కకు తగిలినా దూరం అంతగా తగ్గదు. హ్యాండికాప్ (ఆట స్థాయి చెప్పే లెక్క, ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు) ఇరవై దాటినవాళ్లు బ్లేడ్ వాడటం, నా ఉద్దేశంలో, షోకే.

బంకర్‌లో (ఇసుక గుంటలో) క్లబ్ ఇసుకలో దిగబడుతోంది

పిచింగ్ వెడ్జ్‌తో కొడుతున్నారేమో చూడండి. సాండ్ వెడ్జ్ అడుగున ఉబ్బు, అంటే బౌన్స్, ఎక్కువ. అదే దాన్ని ఇసుకలో కూరుకుపోకుండా జారుస్తుంది. ఎండాకాలంలో గట్టిపడిన నేల మీద మాత్రం అదే ఉబ్బు వల్ల క్లబ్ ఎగిరి, దాని అంచు బంతి మధ్యభాగానికి తగులుతుంది. అక్కడ బౌన్స్ తక్కువున్న వెడ్జ్ గానీ, 9 ఐరన్‌తో చిన్న చిప్ (తక్కువ ఎత్తులో పోయే చిన్న షాట్) గానీ వాడండి.