కార్డు మీద బాగానే ఉన్న కాంట్రా డాన్స్ హాల్లో ఎందుకు చెడుతుంది?

కాంట్రా అంటే జంటలు రెండు పొడవాటి వరసల్లో ఎదురెదురుగా నిలబడి ఆడే అమెరికన్ జానపద నృత్యం. ఏ కదలిక (ఫిగర్) తర్వాత ఏది అన్నది కార్డు మీద రాసుకుని, నాలాంటి కాలర్లు మైకులో చెబుతుంటారు. ఎవరైనా కొత్త డాన్స్ రాసి, లేదా పాతదాన్ని కాస్త మార్చి పంపిస్తే నేను ముందు అడిగేది ఒకటే: బల్ల మీద నాణేలు పెట్టి జరిపి చూశారా? చూడరు. "64 బీట్లూ సరిపోయాయి" అంటారు, అంటే ట్యూన్ ఒకసారి వాయించేంత, డాన్స్‌లో ఒక రౌండ్. బీట్లు సరిపోతే ట్యూన్‌కి సరిపోయినట్టు, మనుషులు ఉండాల్సిన చోట ఉన్నట్టు కాదు కదా.

రౌండ్ అయ్యాక మళ్లీ అదే నైబర్ (ఎదురు జంటలో మనతో ఆడేవారు) ఎదురైతే ప్రోగ్రెషన్, అంటే తర్వాతి జంట దగ్గరికి జరగడం, లేనట్టే. చాలాసార్లు ఆఖర్న సర్కిల్ లెఫ్ట్ ముప్పావు (నలుగురూ చేతులు పట్టుకుని ఎడమకి ముప్పావు చుట్టు) రాసి, పాస్ త్రూ (ఎదుటివాళ్లని దాటి ముందుకెళ్లడం) రాయడం మర్చిపోయుంటారు. చేర్చండి, అంతే.

స్వింగ్‌కి (ఇద్దరు పట్టుకుని గిరగిరా తిరగడం) అందరూ ఆలస్యంగా వస్తుంటే దాని ముందు ఫిగర్‌కి చోటు చాలలేదు. చెయిన్‌కి (రాబిన్స్, అంటే జంటలో కుడివైపు పాత్రవాళ్లు, అవతలికి చోటు మారడం) 8 బీట్లు కావాలి, బతిమాలినా తగ్గవు.

ఇక అసలు తలనొప్పి. లైను మధ్యలో అందరూ హాయిగా ఆడుతుంటారు, రెండు చివర్లలో మాత్రం గందరగోళం. కొత్తవాళ్లు నిలబడ్డారేమో అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని, మసాచుసెట్స్‌లో ఒక చిన్న హాల్లో పాపం చివరి జంటని మైకులో మూడుసార్లు సరిదిద్దాను. వాళ్ల తప్పేం లేదు, తప్పు నా చేతిలోని కార్డుది. ఒక స్నేహితురాలు రాసిచ్చిన కార్డు అది, పైన డాన్స్ పేరూ రాసినవారి పేరూ ఉన్నాయి, మార్చినట్టు మాత్రం ఎక్కడా లేదు.

అసలు డాన్స్ ఇంప్రాపర్ (పార్ట్‌నర్ అవతలి వరసలో ఉండేది), ఫిగర్లు ఇవి: నైబర్‌తో బ్యాలెన్స్, స్వింగ్, సర్కిల్ లెఫ్ట్ ముప్పావు, పార్ట్‌నర్ స్వింగ్, లాంగ్ లైన్స్, రాబిన్స్ చెయిన్, లెఫ్ట్ హ్యాండ్ స్టార్, కొత్త నైబర్‌తో డో-సి-డో. పార్ట్‌నర్ స్వింగ్‌తో ముగిస్తే బాగుంటుందని ఆవిడ దీన్ని లాంగ్ లైన్స్ నుంచి మొదలుపెట్టి బెకెట్ (పార్ట్‌నర్లిద్దరూ ఒకే వరసలో ఉండేది) చేసింది. మంచి ఆలోచనే. కానీ బెకెట్ అనగానే స్లయిడ్ లెఫ్ట్ (జంట ఎడమకి జరిగి కొత్త జంట ఎదుటికి రావడం) ఉండాలని అలవాటుగా అదీ రాసేసింది. స్టార్ తర్వాత కొత్త నైబర్ దగ్గరికి వెళ్లినప్పుడే ప్రోగ్రెషన్ అయిపోతోంది, స్లయిడ్‌తో రెండోది కలిసింది. స్లయిడ్ స్వింగ్ చివర్లో కలిసిపోతుంది, విడిగా బీట్లు అడగదు, కాబట్టి లెక్క 64 దగ్గరే ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్లు ఒక నైబర్‌ని విడిచి ఒకరితో స్వింగ్ చేస్తారు, ఎదురుగా ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి వాళ్లకి తెలియదు. చివరివాళ్లే ఒక్క రౌండ్‌లో రెండుసార్లు ఎదురు జంట లేని ఖాళీలోకి వెళ్లి దిక్కులు చూస్తారు. (కావాలనే డబుల్ ప్రోగ్రెషన్ రాసేవాళ్లున్నారు. వాళ్లు ఆ మాట కార్డు మీద రాస్తారు.)

నాలుగు నాణేలతో ఇది దొరకదు. ఎనిమిది తీయండి: జంటకి ఒక రకం అమెరికా నాణేలు, పెన్నీలు, నికెల్స్, డైములు, క్వార్టర్లు. రెండు రౌండ్లు జరిపి, చివరి జంట ఎక్కడ బయటికొచ్చింది, ఎక్కడ లోపలికెళ్లింది చూడండి. రౌండ్‌లో రెండుసార్లు నైబర్లు మారితే స్లయిడ్ కొట్టేయండి. తర్వాత కార్డు మీద అసలు రాసినవారి పేరు కింద, "ఫలానా చోట నుంచి మొదలయ్యేలా మార్చింది" అని మార్చినవారి పేరుతో రాయండి. మీకు కార్డు ఇచ్చినవాళ్లకీ చెప్పండి, అదే కార్డు అప్పటికి ఇంకో ముగ్గురి కార్డు డబ్బాల్లోకి చేరి ఉంటుంది.

ఉండాల్సిన 32 బార్లకి (అవే 64 బీట్లు) ఒకటి ఎక్కువో తక్కువో ఉన్న ట్యూన్ బ్యాండ్ ఎత్తుకోవడం అరుదు, ట్యూన్ మార్చమనండి చాలు. మైకు వినపడకపోవడం, నేల జారడం ఆ రాత్రికి మాత్రమే, వాటి కోసం కార్డు ముట్టుకోకండి.